బ్యాక్ టు బెడ్: హీరో మన మాట వినడు, అదే ఇందులో మజా

గేమ్ ఓపెన్ చేయగానే హీరోని కదపడానికి మన బొటనవేలు రెడీగా ఉంటుంది కదా. 'బ్యాక్ టు బెడ్'లో ఆ చాన్సే లేదు. బాబ్‌కి ఎక్కడపడితే అక్కడ నిద్ర ముంచుకొస్తుంది, ఆ నిద్రలోనే నడిచేస్తుంటాడు. అతన్ని మనం ఆపలేం, పిలవలేం. మన చేతిలో ఉండేది సబాబ్ అనే నాలుగు కాళ్ల వింత జీవి, అంటే బాబ్ సబ్‌కాన్షియస్ అన్నమాట. దాని సాయంతోనే బాబ్‌ని మంచం దాకా చేర్చాలి.

బాబ్ నడకకి ఒక్కటే రూల్. నేరుగా వెళ్తాడు, ఏదైనా అడ్డొస్తే కుడివైపు తిరుగుతాడు. అంతే! రాండమ్ అనేది లేదు. కోడ్ రాసేవాళ్లకి ఈ పరిస్థితి బాగా తెలుసు: ఫంక్షన్‌ని ముట్టుకోకూడదు, ఇన్‌పుట్ మాత్రం మార్చుకోవచ్చు. ఇక్కడ ఇన్‌పుట్ ఒక పెద్ద ఆకుపచ్చ యాపిల్. దాన్ని దారిలో పెడితే బాబ్ తిరుగుతాడు. మరి ఎడమకి పంపాలంటే? మూడుసార్లు కుడికి తిప్పాలి. యాపిల్ ఒక్కటే ఉంటే, అతను ఒక మలుపు తిరగ్గానే దాన్ని తీసుకుని తర్వాతి మలుపు దగ్గరికి పరిగెత్తాలి. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. ఆన్సర్ తెలిసిపోయింది, కానీ బాబ్ ఆగడే!

1991లో వచ్చిన లెమ్మింగ్స్‌లోనూ ఇలాగే మన మాట వినకుండా నడిచేవాళ్లని కాపాడాలి. అయితే అక్కడ వాళ్లకి పనులైనా అప్పగించొచ్చు. ఇక్కడ అదీ లేదు.

ఇక విజువల్స్. ఆ యాపిల్ చూడగానే మాగ్రిట్ 1964లో వేసిన, ముఖానికి యాపిల్ అడ్డంగా ఉన్న మనిషి బొమ్మ గుర్తొస్తుంది. గడియారాలు డాలీని, మెట్లు ఎషర్‌ని గుర్తుచేస్తాయి. ఇదంతా వాల్‌పేపర్‌లా ఊరికే అతికించింది కాదు. బాబ్ వెళ్లలేని గోడల మీద సబాబ్ నడుస్తుంది. మనకి గోడలా కనిపించేది దానికి నేల. బాబ్‌ది పక్కా లాజిక్, చుట్టూ ఉన్న ప్రపంచానికి లాజిక్కే లేదు. ఈ రెండూ ఒకే స్క్రీన్ మీద ఉండటమే నాకు బాగా నచ్చింది. అదే 2014లో వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీలోనూ ఎషర్ కనిపిస్తాడు. కానీ అక్కడ ఐడా మనం ట్యాప్ చేసిన చోటికి బుద్ధిగా వెళ్తుంది, కాబట్టి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

మైనస్‌లు లేవా అంటే, ఉన్నాయి. గేమ్ చిన్నది, గట్టిగా కూర్చుంటే ఒక వీకెండ్‌లో అయిపోతుంది. కొన్ని లెవెల్స్‌లో బాబ్ చుట్టూ తిరిగొచ్చేదాకా వెయిట్ చేయడం బోర్. డెన్మార్క్‌లో స్టూడెంట్ ప్రాజెక్ట్‌గా మొదలైన గేమ్ కదా, అక్కడక్కడ అది తెలుస్తుంది.

బాబ్ అంచు దాటి పడిపోయినా గేమ్ ఓవర్ కాదు, మొదలైన చోటే మళ్లీ ప్రత్యక్షమవుతాడు. అందుకే మొదటి రౌండ్‌లో యాపిల్ జోలికి వెళ్లకండి. అతను ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో ఊరికే చూడండి. తర్వాత నైట్‌మేర్ మోడ్‌కి వెళ్లినప్పుడు ఈ అలవాటే పనికొస్తుంది.