ఢిల్లీ లేఖ: బడి ఆవరణలో మోదుగ నీడ

ఏటా జూలైలో వనమహోత్సవం వస్తుంది. 1950లో నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ నెలకొల్పిన సంప్రదాయమిది. నాటిన మొక్కల సంఖ్య చట్టసభల్లో తరచు వినిపిస్తుంది. అవి ఏ జాతివి, ఎన్ని బ్రతికాయి అన్న అనుబంధ ప్రశ్న మాత్రం అరుదు.

ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో రాజధానికి అనుభవపూర్వకంగా తెలుసు. అమెరికా ఖండపు ముళ్ళ చెట్టు ఒకదానిని బ్రిటిష్ పాలకులు గత శతాబ్ది తొలి దశకాల్లో ఢిల్లీ రిడ్జిపై నాటించారు. ఇక్కడ దానిని విలాయతీ కీకర్ అంటారు. మన పల్లెల్లో సర్కారు తుమ్మ. ఎవరి చలవో ఆ పేరే చెబుతుంది! అది విస్తరించి ఆరావళి సహజ వృక్షాలైన ధౌ, మోదుగ, గార వంటి వాటిని వెనుకకు నెట్టింది. వసంత విహార్ సమీపాన, ఒకనాటి గనుల నేలపై, ఢిల్లీ అభివృద్ధి సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కలసి ఆరావళి జీవవైవిధ్య ఉద్యానంలో ఆ వనాన్ని పునరుద్ధరించారు. పోయిన అడవి తిరిగి రాగలదని అది నిరూపించింది.

అడవికి సాధ్యమైనది బడికి అసాధ్యమా? పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠం పుస్తకంలో చేరింది. ఆవరణలో సిమెంటు చేరింది. చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పవలసి వచ్చింది.

ఇందుకు భారీ నిధులక్కరలేదు. ప్రహరీ వెంట కొంత నేల విడిచి మోదుగ, రేల, రేగు, జమ్మి నాటాలి. రాలిన ఆకును ఊడ్చి పారవేయక అక్కడే మట్టి కానివ్వాలి. రేల చిగురును గొంగళి కొరికిందని మందు చల్లరాదు. పిల్లలు చూడవలసిన సీతాకోకచిలుక అదే.

అసలు పరీక్ష వేసవి. జూలైలో నాటిన మొక్కకు తొలి గండం మే, జూన్ మాసాలు. సరిగ్గా అప్పుడే బడికి సెలవులు! మొదటి రెండు మూడేళ్ళు నీరు పోసే మనిషి లేకుంటే ఉత్సవమంతా వృథా. వేళ్ళు లోతుకు దిగిన పిమ్మట ఈ నేల మొక్కలు తమను తామే పోషించుకొంటాయి.

శిలాఫలకంపై నాటిన ప్రముఖుని పేరుంటుంది. మే నెల ఎండలో నీరు మోసే తోటమాలి పేరు కూడ దాని ప్రక్కన చెక్కిస్తే న్యాయంగా ఉంటుంది.