జ్వరం టాబ్లెట్ ప్లస్ జలుబు టాబ్లెట్: మీ లివర్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఈ ఎపిసోడ్ ఫార్మసీ స్టూడెంట్స్ కోసం. కానీ ఇంట్లో డోలో స్ట్రిప్ ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది.

ముందు ఒక లెక్క చూద్దాం. జ్వరమని డోలో 650 రోజుకి నాలుగు వేసుకున్నారు. అంటే 2600 మిల్లీగ్రాముల పారాసెటమాల్. ముక్కు కారుతోందని మెడికల్ షాపులో జలుబు టాబ్లెట్ కూడా తీసుకుని, మూడు పూటలా వేశారు. చాలా జలుబు టాబ్లెట్లలో కూడా పారాసెటమాల్ ఉంటుంది. మీదాంట్లో 500 ఉందనుకోండి, ఇంకో 1500. టోటల్ 4100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 24 గంటల్లో మాక్సిమమ్ 4000. రెండు వేర్వేరు మందులు అనుకుంటూనే లిమిట్ దాటేశారు.

దాటితే ఏమవుతుంది? పారాసెటమాల్‌లో ఎక్కువ భాగాన్ని లివర్ హానిలేని రూపంలోకి మార్చి, యూరిన్‌లో పంపించేస్తుంది. కొంచెం భాగం మాత్రం ఎన్‌ఏపీక్యూఐ అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయాన్ అనే పదార్థం వెంటనే పట్టుకుని న్యూట్రల్ చేస్తుంది. మామూలు డోసులో అంతా సాఫీగా నడుస్తుంది. డోస్ బాగా ఎక్కువైతే గ్లూటాథయాన్ స్టాక్ అయిపోతుంది. అప్పుడు ఆ విషం నేరుగా లివర్ కణాల మీద పడుతుంది.

ఒక్కరోజు 100 ఎక్కువైతే కంగారు పడక్కర్లేదు. అదే రోజుల తరబడి సాగితే రిస్క్. రోజూ మందు తాగేవాళ్లకి, జ్వరంలో సరిగ్గా తినని వాళ్లకి ఆ స్టాక్ ముందే తక్కువ ఉంటుంది. వీళ్లకి డాక్టర్లు లిమిట్ తగ్గిస్తారు.

అసలు ప్రమాదం ఏంటంటే, ఓవర్‌డోస్ అయినా మొదటి 24 గంటలు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. కాస్త వికారం, అంతే. బానే ఉన్నాం కదా అని ఇంట్లో కూర్చోవద్దు. దీనికి విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. గ్లూటాథయాన్‌ని మళ్లీ తయారు చేయిస్తుంది. ఒకేసారి ఎక్కువ మింగినప్పుడు 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే డౌట్ వస్తే నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.

ఇక నుంచి స్ట్రిప్ ముందున్న పెద్ద పేరు కాదు, వెనకున్న చిన్న అక్షరాలు చదవండి. రేపు కౌంటర్‌లో నిలబడబోయే ఫార్మసీ ఫ్రెండ్స్, మీరు ఒక్క ప్రశ్న అడగండి చాలు: "అన్నా, ఇంకేం టాబ్లెట్లు వాడుతున్నావ్?"

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.