పశుగ్రాసం మాత్రగా మారినప్పుడు

పాడి రైతుకు లూసర్న్ మాంసకృత్తులు పుష్కలంగా గల పప్పుజాతి పశుగ్రాసం. అదే మొక్క ఆల్ఫాల్ఫా పేరుతో మొలకలుగా, పొడిగా, మాత్రలుగా మనుషుల ఆహారంలో చేరినప్పుడు దానిని గురించి వేయవలసిన ప్రశ్నలు మారిపోతాయి.

అమెరికాలోని ఓరెగాన్‌లో మలినోవ్ బృందం కొలెస్టరాల్‌ను తగ్గించే గుణం కోసం ఆల్ఫాల్ఫాను పరిశీలించింది. గింజలను అధిక మోతాదులో తిన్న ఒక వ్యక్తిలో మూడు రకాల రక్తకణాలూ తగ్గినట్లు ఆ బృందం 1981లో వెల్లడించింది. మరుసటి ఏడాది, మొలకలు తిన్న కోతులలో లూపస్‌ను పోలిన రక్తహీనత, ప్రతిదేహాలు కనిపించాయి. ఒకసారి ఆ స్థితికి లోనైన కోతులకు కెనవనైన్‌ను విడిగా ఇవ్వగా లక్షణాలు మళ్లీ తలెత్తాయి. 1983లో, ఆల్ఫాల్ఫా మాత్రలు వాడిన ఇద్దరు లూపస్ రోగులలో అణగి ఉన్న వ్యాధి తిరగబెట్టినట్లు వైద్యులు నమోదు చేశారు. లూపస్ సంయోజక కణజాలాన్ని శోథకు గురిచేసే స్వయం ప్రతిరక్షక వ్యాధి.

కెనవనైన్‌ను తొలుత వేరుచేసినది మన చమ్మకాయ ప్రజాతికే చెందిన జాక్‌బీన్ నుండి. నిర్మాణంలో ఇది ఆర్జినైన్‌కు అతి దగ్గర. కణం పొరబడి ఆర్జినైన్ స్థానంలో దీనిని చేర్చుకుంటే ఏర్పడే ప్రోటీన్ సక్రమంగా పనిచేయదు. పురుగుల నుండి మొక్కకు రక్షణ ఇచ్చేది కూడా ఈ గుణమే. ఇది ప్రధానంగా గింజల్లో, లేత మొలకల్లో ఉంటుంది. కనుక ముదిరిన మేతపై పశువులలో కలిగిన అనుభవాన్ని మొలకల పొడికి వర్తింపజేయడం శాస్త్రీయం కాదు.

స్పిరులినా వంటి నాచు ఉత్పత్తుల కథ వేరు. అక్కడ అనుమానం రోగనిరోధక వ్యవస్థను ఉత్తేజపరచే గుణంపైన. అమ్మకందారులు గొప్పగా చెప్పేదీ ఆ గుణమే! అటువంటి పూరకాల వాడకం తరువాత చర్మాన్నీ కండరాలనూ దెబ్బతీసే డెర్మటోమయోసైటిస్ బయటపడిన సందర్భాన్ని పెన్సిల్వేనియా వైద్యులు 2004లో ప్రచురించారు. ఇవి విడి కేసులే, కారణాన్ని నిరూపించవు. అయితే లూపస్, డెర్మటోమయోసైటిస్ ఉన్నవారికి ఈ పూరకాలు వద్దని చెప్పడానికి ఇంతకు మించిన నిరూపణ అవసరం లేదు.

మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ఇటువంటి ఉత్పత్తుల లేబుల్‌పై ఔషధ వినియోగానికి కాదని రాయాలి. పల్నాడులో కొండవీడు వంటి గ్రామాలలో పోషకాహార శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త ఆ మాటను చదివి వినిపించాలి. కీళ్ల నొప్పులు, ఎండ తగిలితే వచ్చే దద్దుర్లు, చేతులు పైకెత్తలేని కండరాల బలహీనత చెప్పిన వారిని వైద్యుని వద్దకు పంపుతూ, వాడుతున్న పొడి డబ్బానూ, అది మొదలుపెట్టిన తేదీనీ వెంట తీసుకువెళ్లమనాలి.