అస్థుల కొఱకు వేచిన తల్లులు

చనిపోయినవారి కొఱకు దుఃఖించుటకు లోకమున ఒక క్రమము కలదు. దానికి దినములు కలవు, కర్మలు కలవు, ఓదార్చుటకు వచ్చు బంధువులు కలరు. పండ్రెండవ దినము గడచిన పిమ్మట ఆ యిల్లు మెల్లమెల్లగ మరల ఇల్లగును. కాని వెడలిపోయినవాడు బ్రతికి యున్నాడో లేడో తెలియని యింట ఈ క్రమమేదియు సాగదు. ఆ యిల్లాలు బొట్టు పెట్టుకొనవలెనా, మానవలెనా? ఆ తల్లి బిడ్డ కంచమును తీసి దాచవలెనా, తలుపు గడియ వేయక కూర్చుండవలెనా? మన పెద్దలు ఈ కష్టము నెఱిగియే, జాడ తెలియనివాని కొఱకు పండ్రెండేండ్లు వేచి, పిమ్మట దర్భలతో ప్రతిమ చేసి దహనము గావింపుడని విధించిరి. కర్మకు శరీరము కావలెను. అది లేనిచో దాని గుర్తయినను కావలెను.

ఇట్టి నిరీక్షణ ఒక యింటిని గాక వేలకొలది యిండ్లను ఒక్కమాఱే పట్టిన దేశమొకటి కలదు. అది ఐరోపా ఖండమునందలి బోస్నియా. ఆ దేశపు తల్లుల కథను మా సోదరీమణులకు తెలుపుట మంచిదని మాకు తోచినది.

యుగోస్లావియా రాజ్యము విచ్ఛిన్నమైనప్పుడు బోస్నియాలో 1992 మొదలు 1995 వఱకు ఘోరయుద్ధము జరిగినది. తూర్పుదిక్కున స్రెబ్రెనీత్సా యను చిన్న పట్టణము కలదు. ఐక్యరాజ్య సమితివారు 1993లో దానిని సురక్షిత ప్రదేశముగ ప్రకటించిరి. ఆ మాట నమ్మి చుట్టుప్రక్కల గ్రామముల మహమ్మదీయులు వేలకొలదిగ అచట తలదాచుకొనిరి. 1995 జూలై 11వ తేదీన బోస్నియా సెర్బు సైన్యములు ఆ పట్టణమును పట్టుకొనెను. స్త్రీలను, పసిబిడ్డలను బస్సులలో నెక్కించి పంపివేసిరి. పురుషులను, బాలురను వేఱుచేసిరి. అడవిదారి పట్టి పోయినవారిలో అనేకులు చిక్కిరి. కొలది దినములలో ఇంచుమించు 8,000 మంది హతులైరి. అది జాతి నిర్మూలన మని అంతర్జాతీయ న్యాయస్థానములు పిమ్మట తీర్పు చెప్పినవి.

హంతకులు చంపి యూరకుండలేదు. శవములను పెద్దగోతులలో త్రోసి మట్టి కప్పిరి. కాని విమానములనుండి తీసిన ఛాయాపటములలో క్రొత్తగ కలియబడిన నేల కనబడినది. 1995 ఆగస్టులో అమెరికా ప్రతినిధి మడెలిన్ ఆల్‌బ్రైట్ ఆ పటములను భద్రతా సమితియందు చూపిరి. పాపము బయటపడునను భయమున, సెప్టెంబరు అక్టోబరు మాసములలో వారు పెద్దయంత్రములతో ఆ గోతులను మరల త్రవ్వి, లారీల కెత్తి, దూరపు లోయలలో చిన్నచిన్న గోతులుగ పూడ్చిరి. యంత్రపు పండ్లకు శరీరములు తెగినవి, ఎముకలు కలిసిపోయినవి. ఒక్కని యస్థులు రెండు మూడు గోతులలో, ఒక్కొక్కప్పుడు అంతకంటె హెచ్చు చోట్ల దొరకినవి.

1996 మొదలు పండితులు ఆ గోతులను వెదకసాగిరి. వారి పని బహు ఓర్పుతో గూడినది. పరిసరమున కంటె గడ్డి వేఱుగ మొలచిన చోటును చూతురు. ఇనుప కడ్డీని నేలలోనికి దింపి, పైకి తీసి, దాని కొనను వాసన చూతురు. పైమట్టిని యంత్రము తీసిన పిమ్మట తాపీలతోను, కుంచెలతోను, చేతివ్రేళ్లతోను మట్టిని తొలగింతురు. ప్రతి యెముకకు నొక సంఖ్య వేసి, ఉన్నదున్నట్లు పటము తీసిన గాని కదపరు.

మట్టియే వారికి సాక్ష్యము చెప్పినది. కొజ్లూక్ అనుచోట సీసాల కర్మాగారపు చెత్త పోసెడు స్థలమున శవములను పూడ్చియుండిరి. పలుమైళ్ల దూరమున చాంచారి దారిప్రక్క గోతిలో అవే పచ్చగాజు పెంకులు శవములతోపాటు దొరకినవి. ఒకచోట కండ్లకు గట్టిన గుడ్డపీలికల వంటివే మఱియొకచోటను దొరకినవి. ఏ గోతిలోనుండి యే గోతికి తరలించిరో ఇట్లు తేలినది.

కాని ఈ యెముక యెవనిది? ఈ ప్రశ్నకు మొదట స్త్రీల సూదిపనియే ఉత్తరమయ్యెను. రెడ్‌క్రాస్ సంఘమువారు దొరకిన బట్టలను, వస్తువులను పటములు తీసి పుస్తకముగ కుట్టి తల్లులకు, భార్యలకు చూపిరి. ఒకామె తాను వేసిన మాసికను గుర్తించును. ఒకామె తాను అల్లిన ఉన్ని చొక్కాను గుర్తించును. బిడ్డ మోకాలికడ చిరిగిన లాగునకు దీపము ముందు కూర్చుండి మాసిక వేసిననాడు, ఆ కుట్టు ఇట్టి పనికి వచ్చునని ఏ తల్లి తలంచును! అయినను బట్టలు చాలలేదు. ముట్టడి దినములలో అందఱును ధర్మమునకు వచ్చిన ఒకే తీరు దుస్తులు ధరించిరి. ఒకరివి మఱియొకరు తొడుగుకొనిరి. కావున కొలదిమంది పేర్లు మాత్రమే తేలినవి.

అప్పుడు తల్లుల నెత్తురు పనికి వచ్చినది. 1996లో లియాన్ నగరమున జరిగిన అగ్రరాజ్యముల సభలో, తప్పిపోయినవారి కొఱకు అంతర్జాతీయ సంఘమొకటి స్థాపింపబడినది. ఆ సంఘమువారు ఆలోచించిన విధము ఇది. మన శరీరమందలి దాదాపు ప్రతి కణమున డి.ఎన్.ఏ. యను పదార్థము కలదు. అది వంశలిఖితము వంటిది; సగము తల్లినుండి, సగము తండ్రినుండి వచ్చును. ఎముకలోను, పంటిలోను అది పెక్కేండ్లు నిలుచును. కావున బ్రతికియున్న తల్లిదండ్రుల, తోబుట్టువుల, బిడ్డల వ్రేలికొనలనుండి నాలుగు చుక్కల నెత్తురు కాగితపు అట్టమీద తీసికొని, ఆ లిఖితమును ఎముకల లిఖితముతో సరిచూచినచో బంధుత్వము తేలును. పక్షపాతము కలుగకుండ అట్టలమీద పేర్లు వ్రాయక గుర్తులు మాత్రమే వేసిరి. నూటికి 99.95 పాళ్ల నిశ్చయము కలిగినగాని సరిపోయినదని చెప్పరు.

2001 నవంబరులో మొదటిమాఱు ఒక పేరు దొరకినది. అతడు పదునైదేండ్ల బాలుడు. అటుపిమ్మట వార్త వెంట వార్త వచ్చినది. స్రెబ్రెనీత్సాలో హతులైనవారిలో నేటికి దాదాపు 7,000 మంది యెవరెవరో తెలిసినది. అంతమంది చావలేదని వాదించినవారికి ఇది తిరుగులేని యుత్తరము. ఈ సాక్ష్యము న్యాయస్థానమునకును చేరినది. సేనాపతి రాట్కో మ్లాడిచ్‌నకు 2017లో యావజ్జీవ శిక్ష పడగా, 2021లో అది ఖాయమయ్యెను.

అయితే వార్త వచ్చినంతమాత్రమున తల్లి కష్టము తీరునా? కొన్ని యెముకలే దొరకినప్పుడు ఆమె మఱియొక నిర్ణయము చేయవలసి యుండును: ఉన్నవానిని ఇప్పుడే పూడ్చుటయా, తక్కినవి దొరకువఱకు వేచియుండుటయా? కొందఱు ఏండ్ల తరబడి వేచిరి. కొందఱు పూడ్చిన పిమ్మట మఱికొన్ని యెముకలు దొరకగా సమాధిని మరల తెఱిపించిరి. తల్లుల సంఘమునకు నాయకురాలైన మునీరా సుబాషిచ్ గారికి కుమారునివి రెండే యెముకలు లభించినవి. వానినే ఆమె 2013లో సమాధి చేయించిరి. భర్తను, ఇద్దఱు కుమారులను పోగొట్టుకొన్న హతీజా మెహ్మెదోవిచ్ గారు ఒంటరిగ స్రెబ్రెనీత్సాకు మరలి వచ్చి కాపురముండి, ఇతర తల్లులకు అండగ నిలిచిరి. 2010లో తనవారిని ముగ్గురిని పూడ్చిపెట్టి, 2018లో కన్నుమూసిరి.

స్రెబ్రెనీత్సా ప్రక్క పొటొచారి గ్రామమున 2003లో శ్మశానవాటిక యేర్పడినది. ఏటేట జూలై 11వ తేదీన, ఆ సంవత్సరమున పేరు తెలిసినవారిని పచ్చబట్ట కప్పిన పెట్టెలలో తెచ్చి అచట పూడ్తురు. మొదట ఒక్కనాడే వందలకొలది పెట్టెలు వచ్చెడివి. ఇటీవల కొలదిగ వచ్చుచున్నవి. సుమారు వేయిమంది జాడ యింకను తెలియదు. 2024లో ఐక్యరాజ్య సమితి ఆ దినమును స్మారక దినముగ నిర్ణయించెను.

సోదరీమణులారా! యుద్ధములను చేయువారు పటములలో గీతలు గీయుదురు, సంధిపత్రములపై చేవ్రాళ్లు చేయుదురు. దానితో యుద్ధము ముగిసినదని వ్రాయుదురు. స్త్రీలకు మాత్రము తనవాడెక్కడనో తెలిసినగాని యుద్ధము ముగియదు. బోస్నియా తల్లులు ఆ మాటను ఏడ్చి మాత్రమే చెప్పలేదు. వీధులలో నిలిచి యడిగిరి, న్యాయస్థానములకు పోయిరి, వ్రేలు చాపి నెత్తురిచ్చిరి. వారిలో అనేకులు వృద్ధలై, బిడ్డ వార్త వినకయే పోయిరి. అయినను వారిచ్చిన చుక్కల లిఖితము భద్రముగ నున్నది. ఏ లోయలోనో రేపు ఒక యెముక బయటపడినచో, దానిని తన బిడ్డదని చెప్పుటకు ఆ తల్లి నెత్తురు ఇంకను అచట వేచియున్నది.