ఒంగోలు కూతుళ్ల వాటా

పిడుగురాళ్ల చుట్టుపక్కల పల్లెల్లో పత్తి తీసేది ఆడవాళ్లు. మిరపకాయలు కోసేది ఆడవాళ్లు. కలుపు తీసేదీ వాళ్లే. కానీ పొలం పాసు పుస్తకం మీద పేరు ఎవరిది? చాలా ఇళ్లలో మగవాళ్లదే.

"ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అని పెద్దలు అంటుంటారు. పెళ్లి చేసి పంపాక పుట్టింట్లో ఆమెకు ఏమీ లేదని ఆ మాటకు అర్థం. ఈ మాట చట్టం ముందు నిలుస్తుందా? నిలవదు. సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చి చెప్పింది. అలా చెప్పిన కేసుల్లో ఒకటి మన పక్క జిల్లాలోని ఒంగోలులో మొదలైంది.

కేసు ఏమిటి?

ఒక ఇంట్లో తండ్రి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఆస్తి పంచమని కొడుకుల్లో ఒకరు ఒంగోలు కోర్టులో దావా వేశారు. కేసు నడుస్తుండగానే 1993లో తండ్రి చనిపోయాడు. 1999లో కోర్టు ఎవరి వాటా ఎంతో చెప్పింది. దీన్ని ప్రాథమిక డిక్రీ అంటారు.

అప్పటి లెక్క ఎలా ఉందో చూద్దాం. ఆస్తి పన్నెండు ఎకరాలు అనుకోండి. ముందు తండ్రికి నాలుగు, కొడుకులు ఇద్దరికీ తలా నాలుగు. తండ్రి పోయాక ఆయన నాలుగు ఎకరాలు నలుగురు పిల్లలకూ తలా ఒకటి. అంటే కొడుకుకు ఐదు ఎకరాలు, కూతురికి ఒక్క ఎకరం. తోడబుట్టినవాళ్లే అయినా వాటాలో ఇంత తేడా.

చట్టం మారింది

కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కానీ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను ఆ చట్టం వదిలేసింది. తర్వాత 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని మార్చింది. అది ఆ ఏడు సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చింది. పెళ్లయినా కాకపోయినా కూతురికి పుట్టుకతోనే వాటా ఉంటుందని ఆ చట్టం చెబుతుంది.

ఒంగోలు కేసులో అప్పటికింకా పంపకం పూర్తి కాలేదు. కూతుళ్లిద్దరూ కోర్టుకు వెళ్లి "కొత్త చట్టం ప్రకారం మాకు నాలుగో వంతు చొప్పున ఇప్పించండి" అని అడిగారు. 2009 జూన్‌లో ఒంగోలు కోర్టు సరేనంది. రెండు నెలలకే హైకోర్టు కాదంది. 1999లోనే వాటాలు తేలిపోయాయి, ఇక మార్చకూడదు అంది. కూతుళ్లు అంతటితో ఊరుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లారు.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2011 అక్టోబరు 12న తీర్పు వచ్చింది. కూతుళ్లే గెలిచారు. ప్రాథమిక డిక్రీతో కేసు అయిపోదు అని కోర్టు చెప్పింది. ఎవరి ముక్క ఏదో కొలిచి, హద్దులు తేల్చి, తుది డిక్రీ ఇచ్చేదాకా దావా నడుస్తున్నట్టే లెక్క. ఆ మధ్యలో చట్టం మారితే వాటాలూ మారతాయి. మన పన్నెండు ఎకరాల లెక్కలో ఇప్పుడు నలుగురికీ తలా మూడు ఎకరాలు. కూతురికి ఒక ఎకరం కాదు, మూడు.

2015లో మరో కేసులో కొత్త చిక్కు వచ్చింది. 2005లో చట్టం వచ్చే నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి వాటా అని తీర్పు వచ్చింది. దాంతో తండ్రి ముందే పోయిన కూతుళ్లకు భయం పట్టుకుంది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలు ఆ భయం తీర్చారు. తండ్రి అప్పటికి ఉన్నా, లేకపోయినా కూతురి హక్కు కూతురిదే అన్నారు.

గుర్తుంచుకోవలసినవి

ఈ సమాన వాటా పిత్రార్జితంలో, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తిలో ఉంటుంది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిని ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు. వీలునామా లేకుండా పోతే అందులోనూ భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. తండ్రి తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా.

2004 డిసెంబరు 20 కంటే ముందే రిజిస్టరు చేసుకున్న పంపకాలను, అంతకు ముందే జరిగిన అమ్మకాలను 2005 చట్టం తిరగదోడదు.

"కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇక వాటా ఎక్కడిది?" అని అడిగేవాళ్లుంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోతుందని ఈ చట్టంలో ఎక్కడా లేదు. కట్నమే 1961 నుంచి నేరం.

క్రైస్తవులకు, ముస్లింలకు వారసత్వ చట్టాలు వేరు. వాటి సంగతి ప్లీడరును అడిగి తెలుసుకోవాలి.

సంతకం పెట్టే ముందు

చాలామంది ఆడవాళ్ల వాటా కోర్టులో పోదు. ఇంటి అరుగు మీదే పోతుంది. "చెల్లెమ్మా, ఇక్కడొక సంతకం పెట్టు" అంటారు. అది హక్కు వదులుకునే పత్రం కావచ్చు. వేలిముద్ర వేసే రోజుల్లో అందులో ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు చదువు వచ్చింది. ప్రతి లైనూ చదవండి. అర్థం కాకపోతే "రేపు పెడతాను" అని చెప్పి, తెలిసినవాళ్లకు చూపించండి. అన్నకు ఇష్టపడి ఇస్తే అది మీ ఇష్టం. తెలియక మాత్రం పోగొట్టుకోకండి.

ప్లీడరుకు డబ్బు లేదా? 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా ప్లీడరును పెడతారు. ఆదాయం ఎంత అన్న లెక్క లేదు. గుంటూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దగ్గర్లోని కోర్టులో మండల న్యాయ సేవల కమిటీని అడగవచ్చు. తెల్ల కాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

వెళ్లేటప్పుడు పాసు పుస్తకం, అడంగల్ నకళ్లు, తండ్రి పోయి ఉంటే మరణ ధ్రువపత్రం తీసుకువెళ్లండి. అర్జీ ఇచ్చాక రశీదు అడిగి దాచుకోండి.