ఒకటే ఊరు, రెండు స్పెల్లింగులు

ఊరి పేరు రాయమంటే తడుముకోవాల్సిన పనేముంటుంది అనుకుంటాం. తెలుగులో అయితే లేదు. ఫారం ఇంగ్లీషులో ఉంటేనే తంటా. మనం నోరారా రాజమండ్రి అని పిలుచుకునే ఊరికి ఇంగ్లీషులో పదకొండక్షరాలు. అదే రాజమహేంద్రవరం అని రాస్తే పదిహేడు! కొన్ని ఫారాల్లో పేరు పూర్తి కాకుండానే గళ్ళు అయిపోతాయి కూడాను.

2015లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ఊరి పేరును రాజమహేంద్రవరంగా మార్చింది. మార్చింది అనేకంటే పాత పేరు తిరిగి తెచ్చింది అనాలి. నన్నయగారు భారతం తెలుగు చేయడానికి పూనుకున్న రాజరాజ నరేంద్రుడి ఊరు కదా ఇది. అంత పొడుగు పేరు జనం నోళ్ళలో నలిగి రాజమండ్రి అయింది. తెల్లదొరలు ఇంగ్లీషులో రాజా అన్న మాట చివర హెచ్ పెట్టేవారు. ఆ హెచ్చే మన ఊరి పేరు మధ్యలోకొచ్చి కూర్చుంది. పలకడానికి పనికిరాదు, తీసేస్తే తప్పంటారు!

మన చుట్టుపక్కల ఊళ్ళూ ఈ పాట్లు పడ్డవే. 1923లో కాంగ్రెస్ మహాసభలు జరిగిన కాకినాడ అప్పటి ఇంగ్లీషు కాగితాల్లో ‘కొకనాడ’. ఏలూరు ‘ఎల్లోర్’. ఆ పేర్లు పోయాయనుకుంటున్నారా? రైల్వే కోడ్ చూడండి. కాకినాడ టౌన్‌కి సీసీటీ, ఏలూరుకి ఈఈ. కాకినాడలో లేని సి అక్కడికెలా వచ్చిందంటారు? పాత స్పెల్లింగు దాచిపెట్టిన గురుతే అది.

మనకే కాదు, చెక్ దేశం వాళ్ళకీ ఉంది ఈ చిక్కు. వాళ్ళ రాజధానిని వాళ్ళు ప్రాహా అంటారు. ఇంగ్లీషులో మాత్రం ప్రాగ్. అది తప్పని ఎవరూ అనరు. కానీ వాళ్ళ రెండో పెద్ద నగరం బ్ర్నో సంగతి వేరు. దానికి బ్ర్యూన్ అని జర్మన్ పేరుండేది. ఇప్పుడు ఇంగ్లీషులో రాసినా బ్ర్నో అనే రాయాలి. మూడు హల్లులు వరసగా వచ్చినా సరే, నోరు తిప్పుకోవాల్సిందే. బ్రెన్ గన్ అని వింటుంటాం చూడండి, అందులో మొదటి రెండక్షరాలు ఆ ఊరివే. మిగతా రెండూ ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్‌వి.

అంటే ఒకే దేశంలో ఒక ఊరికి ఇంగ్లీషు పేరు నిలిచింది, ఇంకో ఊరికి సొంత పేరే నెగ్గింది. ఇందులో వ్యాకరణం కంటే వాడుకదే పైచేయి. మన ఊరికి వాడుక ఇంకా తేలలేదు. నగరపాలక సంస్థ రాజమహేంద్రవరం అంటుంది. 2024 ఎన్నికల్లో కూడా లోక్‌సభ నియోజకవర్గం రాజమండ్రి పేరుతోనే ఉంది.

దీనివల్ల నష్టమేమిటంటారా? మా పక్కవాటాలో అమ్మాయినడగండి. వాళ్ళబ్బాయి పై చదువులకి విదేశం వెళ్ళాలని కాగితాలు పెట్టాడు. బర్త్ సర్టిఫికెట్లో పాత పేరు, తర్వాత తీసిన దాంట్లో కొత్త పేరు. రెండూ ఒకటేనంటే ఆ ఆఫీసులో వినలేదు. “పిన్నిగారూ, ఊరొకటే కదండీ, వీళ్ళకి రెండెలా అయిందండీ?” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫీజు కట్టే గడువు దగ్గరపడుతోంటే ఆవిడకి అన్నం సయించలేదు. ఆఖరికి పేరు మార్చిన ప్రభుత్వ ఉత్తర్వు నకలు సంపాదించి జతచేస్తేగాని పని జరగలేదు.

నా మటుకు నేను చెప్పేదేమిటంటే, కొత్తగా రాసే చిరునామాకి రాజమహేంద్రవరమే సరి. పాత సర్టిఫికెట్లో ఏముందో అడిగితే అక్కడ అచ్చయిన స్పెల్లింగే, హెచ్‌తో సహా, దించాలి. పేరు మారిందని దాన్ని మనం దిద్దకూడదు. పుట్టింటి ఊరు ఒక జిల్లా, అత్తింటి ఊరు ఒక జిల్లా అయిన మనకి ఇంకో మెలిక కూడా ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. అమలాపురంలో పుట్టినావిడ పాత కాగితంలో తూర్పుగోదావరి అనే ఉంటుంది. అదీ అలాగే ఉంచాలి. పిల్లల అప్లికేషన్లు నింపేముందు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని ఊరి పేరొక్కటీ పోల్చి చూస్తే చాలు, పావుగంట పని. తేడా కనిపిస్తే ఉత్తర్వు నకలు ముందే దగ్గరుంచుకోవచ్చు.

ఇక మాటల్లో అంటారా, రాజమండ్రి అనే అనండి. బస్సు కండక్టరూ అదే అంటాడు.