వైద్యవృత్తి సంఘాలలో సభ్యుల చేరిక, కొనసాగింపు: అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అనుభవం

వృత్తిసంఘం బలాన్ని సాధారణంగా సభ్యుల సంఖ్యతో లెక్కిస్తారు. ఆ సంఖ్య ఎలా పెరిగింది, దేనివల్ల నిలిచింది అన్నవి మాత్రం వేర్వేరు ప్రశ్నలు. వైద్యుణ్ణి సంఘంలోకి తెచ్చిన కారణమే అతన్ని అందులో నిలుపుతుందన్న నియమం లేదు. ఈ భేదం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

1847లో ఫిలడెల్ఫియాలో ఏర్పడిన ఈ సంఘానికి 1900 నాటికి ఉన్న సభ్యులు సుమారు 8,000 మంది. 1910 నాటికి ఆ సంఖ్య 70,000కు, అంటే దేశంలోని వైద్యులలో దాదాపు సగానికి చేరింది. దీనికి మూలం 1901 నాటి పునర్వ్యవస్థీకరణ. కౌంటీ (ఇంచుమించు మన జిల్లా వంటి పాలనావిభాగం) సంఘాన్ని పునాదిగా చేశారు. అందులో చేరిన వైద్యుడికి రాష్ట్ర సంఘ సభ్యత్వం దానంతటదే లభించేది. రాష్ట్ర సంఘాలు సభ్యుల సంఖ్యను బట్టి జాతీయ సభకు ప్రతినిధులను పంపేవి. ఆ విధంగా సభ్యులను చేర్చుకోవడం అధికారంలో వాటాతో ముడిపడింది. కెంటకీకి చెందిన వైద్యుడు జోసెఫ్ మెక్‌కార్మాక్ దాదాపు దశాబ్దం పాటు ఊరూరా తిరిగి, ఒకరినొకరు పోటీదారులుగా చూసుకునే స్థానిక వైద్యులను ఒకచోటికి చేర్చాడు. హోమియోపతి ముద్రను వదులుకోవడానికి సిద్ధపడినవారికీ ప్రవేశం లభించింది. అంతకుముందు వారితో సంప్రదింపులే నిషిద్ధమన్న సంగతి గుర్తుంచుకుంటే ఇది చిన్న మార్పు కాదు.

చేరినవారిని నిలిపినవి ఉపన్యాసాలు కావు. చికిత్సలో నిర్లక్ష్యం జరిగిందని దావా పడితే సభ్యుడికి సంఘం న్యాయరక్షణ కల్పించేది. సభ్యుడు కానివాడికి తోటి వైద్యుల సాక్ష్యం దొరకడమే కష్టమయ్యేది. తర్వాతి దశాబ్దాలలో అనేక ఆసుపత్రులు తమ వైద్యబృందంలో చోటు ఇవ్వడానికి కౌంటీ సంఘ సభ్యత్వాన్ని షరతుగా పెట్టాయి. ఐచ్ఛికమైన సభ్యత్వం ఆచరణలో అనివార్యమైంది.

పునాది స్థానిక సంఘం కావడంతో ద్వారపాలకత్వం కూడా దానిదే అయింది. దక్షిణాది రాష్ట్రాల కౌంటీ సంఘాలు నల్లజాతి వైద్యులను నిరాకరించగా, జాతీయ సంఘం అది స్థానిక విషయమని తప్పుకుంది. సభ్యత్వం లేనివారికి ఆసుపత్రి తలుపులూ మూసుకుపోయాయి. ఈ వివక్ష కారణంగానే నల్లజాతి వైద్యులు 1895లో అట్లాంటాలో నేషనల్ మెడికల్ అసోసియేషన్‌ను స్థాపించుకున్నారు. వివక్ష చూపే శాఖలను బహిష్కరించే అధికారాన్ని జాతీయ సంఘం 1968లో గాని సమకూర్చుకోలేదు. క్షమాపణ 2008లో వెలువడింది. సభ్యత్వ చరిత్రను కేవలం విజయగాథగా రాయడం సాధ్యం కాకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

నిర్బంధం సడలాక సంఖ్య తగ్గింది. నేడు అమెరికా వైద్యులలో ఈ సంఘ సభ్యులు నాలుగో వంతుకు లోపే. శస్త్రవైద్యులకు 1913 నుంచి, అంతర వైద్య నిపుణులకు 1915 నుంచి ప్రత్యేక కళాశాల సంఘాలున్నాయి. శిక్షణ, గుర్తింపు అక్కడే లభిస్తున్నప్పుడు సాధారణ సంఘానికి రెండో చందా కట్టడానికి చాలామంది సుముఖంగా లేరు. 1982లో భారతీయ సంతతి వైద్యులు తమకంటూ వేరే సంఘాన్ని ఏర్పరచుకున్నారు. అందులో తెలుగువారూ ఉన్నారు.

1928లో కలకత్తాలో ఏర్పడిన ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కూడా స్థానిక శాఖల మీదే నిలిచింది. అయితే అందులో జీవిత సభ్యత్వం ఉంది. ఒక్కసారి రుసుము చెల్లించినవారి పేరు జాబితాలో ఉండిపోతుంది. అందువల్ల అక్కడ సభ్యుడు దూరమైన సంగతి చందా లెక్కల్లో కనిపించదు. శాఖ సమావేశానికి ఎవరు వచ్చారు, ఎన్నికలలో ఎవరు ఓటు వేశారు అన్న వివరాలలోనే దానిని వెతకాలి.